మలుపు దాకా వచ్చిన పిల్ల

ఎంకపల్లి బస్టాప్ దగ్గర కట్టిన ఫ్లెక్సీని చింపింది నేనే. పట్టపగలు, బస్సు దిగి, చేతి సంచీలోంచి కత్తెర తీసి, తాళ్ళు కోసి, ఊరంతా చూస్తుండగానే చింపాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. ఒక్కరూ అడగలేదు. నా నోటి సంగతి వాళ్ళకు తెలుసు.

ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది మా ఆడబిడ్డ ఫొటో. నా భర్తకు ఒక్కతే చెల్లెలు. మొన్న వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి, చూస్తుండగానే చేతిలోంచి జారిపోయింది. ఎవరైనా తేరిపార చూస్తే చెమటలు పట్టే మనిషి ఆమె. అలాంటి మనిషిని నిలువెత్తు బొమ్మ చేసి, వచ్చే పోయే బస్సులకు ఎదురుగా వేలాడదీశారు. ఆఫీసు కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించారు. ఆ ఫొటో దిగిన రోజు ఆమె ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. బొమ్మ కింద గుండ్రటి గడుల్లో చుట్టాల ముఖాలు, దండాలు పెడుతూ. వరుసలో మొదటి ముఖం మా పెద్దత్తమ్మది, అంటే మా మామగారి అన్న భార్యది. పైన ‘నోట్లో నాలుక లేని మా బంగారు తల్లికి కన్నీటి నివాళి’ అని రాయించారు. అది చదివాక నాకు ఒళ్ళు మండింది. బతికి ఉన్నన్నాళ్ళు ఆమెను పొగరుబోతు అన్న ముఖాలే అవన్నీ.

ఆ పిల్ల మౌనానికి ఈ చుట్టాలు పెట్టిన పేర్లు ఒకటా రెండా! చిన్నప్పుడు మాట్లాడకపోతే ‘ఎంత బుద్ధిమంతురాలు’ అన్నారు. ఇంటికి ఎవరైనా వస్తే వెనక గదిలోకి పారిపోతే ‘ఆడివిల్లంటె గట్లుండాలె’ అని తమ కూతుళ్ళకు చూపించారు. తర్వాత గండిపేట అవతల అద్దాల మేడలు లేచాయి. మా వైపు ఇంటికొకరి మెడలో ఐడీ కార్డు వేలాడడం మొదలైంది. ఆమెకూ ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. ఇక చూడండి, అదే పిల్ల, అదే మౌనం, పేరు మాత్రం మారిపోయింది. ‘నౌకరి రాంగనే కండ్లు నెత్తికెక్కినయ్’ అన్నారు. నెత్తికెక్కడం కాదు కదా, ఆమె కళ్ళు నేల మీది నుంచి లేచిందే లేదు.

ఆమె స్కూటీ మీద కిరాణా కొట్టుకు పోయి హెల్మెట్ తీయకుండానే సామాన్లు కొనేది. అద్దం కిందికి దించి ఉంచేది. పాల ప్యాకెట్ వైపు వేలు చూపించి, సరిపడా చిల్లర పెట్టి, తిరిగి చూడకుండా వచ్చేసేది. వీధిలో నడవాల్సి వస్తే ఫోన్ చెవికి ఆనించుకుని నడిచేది. అవతల ఎవరూ ఉండేవారు కాదు. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో ఎవరితో ఇంత మాట్లాడుతుందా అనుకున్నాను. ఒకరోజు ఆమె అట్లా ఫోన్ చెవికి పెట్టుకుని వస్తుంటే అదే ఫోన్ మోగింది. ఆమె ముఖం చూసి నేను వంటింట్లోకి పోయాను. ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆఫీసులోనూ అంతే. తప్పులు పట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరట. పట్టిన తప్పును పదిమంది ముందు చెప్పమంటే రాసి పక్కకు జరిపేది. పక్కవాళ్ళు ఆమె పట్టినవే తాము పట్టినట్టు చెప్పుకుని చప్పట్లు కొట్టించుకునేవారు. ఆమె క్యాబ్‌లో వెనక సీటు మూలన కూర్చుని ఇంటికొచ్చేది.

ఇవన్నీ ఎట్లాగో గడిచిపోయేవి. గడవనిది చావింటి పలకరింపు. మా దగ్గర పెళ్ళికి పోకపోతే క్షమిస్తారు, చావుకు పోకపోతే క్షమించరు. అది కూడా ఊరికే పోతే చాలదు. ఆడవాళ్ళు వీధి మొదట్లోనే శోకం అందుకోవాలి. ఏడుస్తూ లోపలికి పోయి, పోయినవాళ్ళ గుణాలు ఒక్కొక్కటే పాటలా ఎత్తి చెబుతూ, ఇంటామెను పట్టుకుని ఏడవాలి. ఎవరు ఎంత ఏడ్చారో చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తారు, తర్వాత చెప్పుకుంటారు కూడా. ఈ విద్యలో మా పెద్దత్తమ్మకు సాటి లేదు. ఆమె గొంతెత్తితే మగవాళ్ళు కూడా తువ్వాలతో కళ్ళు ఒత్తుకుంటారు.

ఆ పెద్దత్తమ్మ భర్త పోయాడు. ఇల్లు మా పక్క వీధే. మా ఆడబిడ్డకు ఆయనంటే ప్రాణం. పెదబాపు, పెదబాపు అని ఆయన సైకిల్ వెనక తిరిగిన పిల్ల. పొద్దున్నే లేచి, నేత చీర కట్టుకుని, మా అందరికంటే ముందే బయలుదేరింది. వీధి మలుపు దాకా పోయింది. లోపలి నుంచి శోకాలు వినిపించాయి. గుమ్మం దగ్గరున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. అంతే, ఆమె వెనక్కి తిరిగి ఇంటికొచ్చి గది తలుపు వేసుకుంది. లోపల గంటల తరబడి ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరికీ లెక్కలోకి రాలేదు, ఎందుకంటే దాన్ని చూసినవాళ్ళు లేరు.

చూసినవాళ్ళు చెప్పుకున్నది వేరే. ‘మలుపు దాక వచ్చి మొహం తిప్పుకొని పోయింది’ అన్నది ఊరంతా పాకింది. మా అత్తమ్మను పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పట్టుకుని దెప్పారు. ‘రేపు మీ ఇంట్ల పీనుగ లేస్తే ఎవలొస్తరో చూస్తం’ అని మొహం మీదే అన్నారు. ఇది ఒక తల్లితో అనవలసిన మాటేనా?

అప్పుడు నేనే ఆమెను మెహదీపట్నంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. హాలు నిండా జనం. అందరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఒకతను తలుపు తెరిచి పేరు గట్టిగా పిలుస్తాడు. పిలిచిన మనిషి అందరి ముందు లేచి నడిచి పోవాలి. మనుషుల చూపులకు భయపడే జబ్బుకు మందు కావాలంటే ముందు ఆ హాలు దాటాలన్నమాట! మా పిల్ల బాత్రూముకని లేచి మెట్లు దిగిపోయింది. నేను వెతుక్కుంటూ పోతే బస్టాప్‌లో కనిపించింది, చెవికి ఫోన్ పెట్టుకుని.

దారి ఆమే వెతుక్కుంది. ‘మనుషులంటే భయం ఎందుకు’ అని తెలుగులోనే ఫోన్‌లో కొట్టిందట. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, గిన్నెల వైపు చూస్తూ అన్నది:

“వదినా, దీనికి పేరున్నదంట.”

“దేనికి?”

“నాకున్న దానికి. సోషల్ యాంగ్జైటీ అంటరంట. నా అసొంటోళ్ళు శానమంది ఉన్నరంట.”

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. జబ్బు ఉందని తెలిసి సంతోషపడిన మనిషిని నేను ఆమెనే చూశాను. జబ్బయితే పొగరు కాదు కదా!

వారానికోసారి లాప్‌టాప్‌లో ఒక కౌన్సిలింగ్ మేడం వచ్చేది. ఆ పద్ధతిని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారని తర్వాత నాకూ చెప్పింది. మొదట్లో ఈమె కెమెరా పెట్టేది కాదు, మాట్లాడేది కూడా కాదు. అవతల మేడం మాట్లాడితే ఇక్కడ టైపు చేసేది. కొన్ని వారాలకు గొంతు ఇచ్చింది. ఇంకొన్ని వారాలకు కెమెరా తెరిచింది. హాలు లేదు, టోకెన్ లేదు, పేరు పెట్టి అరిచేవాళ్ళు లేరు. తన గదిలో, తన మంచం మీద, తన ధైర్యం ఎంత వరకు ఉంటే అంత వరకు.

మా అత్తమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. “నాడి వట్టకుంట, నాలుక చూడకుంట, గా డబ్బల కూసోని ఏం రోగం సూస్తదే ఆమె?” అనేది. అయినా అడ్డం మాత్రం పడలేదు. గది బయట కూర్చుని, ఎవరైనా వస్తే ‘బిడ్డ ఆఫీసు పనిల ఉన్నది’ అని అబద్ధం చెప్పి పంపేది. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన మందుల్లో అదీ ఒకటి.

మేడం ఆమెకు నేర్పిన మొదటి మాట ‘రుజువేంటి’. మా పిల్ల దాన్ని తన భాషలోకి మార్చుకుని రోజంతా వాడేది. కొట్టుకు పోయే ముందు గుమ్మంలో నిలబడి తనకు తానే చెప్పుకునేది: “వాళ్ళు నన్ను చూసి నవ్వుతరు. రుజువేంది? ఏం లేదు. పోయి చూద్దాం.” తిరిగొచ్చి నాతో అనేది: “కొట్టాయన నా దిక్కు చూడనన్న చూడలే వదినా. టీవీ చూస్తున్నడు.” నాకూ ఆ మాట అంటుకుంది. మా ఆయన కూర బాగాలేదంటే రుజువేంది అని అడిగేదాన్ని.

భయాలన్నీ మెట్లుగా పేర్చమన్నది మేడం, చిన్నది కింద, పెద్దది పైన. అన్నిటికంటే పైన ఏముంటుంది, ఆఫీసులో ప్రజెంటేషనా అని అడిగింది. “చావిల్లు” అన్నది మా పిల్ల. చావిల్లెందుకు అని అడిగిందట మేడం. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, ఆమెకేం తెలుసు మా శోకాల సంగతి?

నాకు కూడా ఒక పని పడింది, ఆమె తరఫున నేను మాట్లాడకూడదు. కొట్లో, బస్సులో, చుట్టాల ముందు ఎవరేమడిగినా నోరు మూసుకోవాలి. నాలాంటిదానికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది!

మొదటి మెట్టు హెల్మెట్ తీసి పాలు కొనడం. అది అయింది. తర్వాత బస్సులో పక్కామెను టైము అడగడం. అదీ అయింది. తర్వాత మేడం ఇచ్చిన పని, మార్కెట్లో ధర అడిగి, బేరం చేసి, కొనకుండా వెనక్కి రావడం. ఒకరికి కోపం తెప్పించినా కొంప మునగదని తెలియడానికి. జనం తక్కువ ఉంటారని మా పిల్ల పొద్దున్నే చేవెళ్ళ మార్కెట్‌కు పోదామన్నది. నేను తోడు పోయాను. టమాటాల గంపల ముందు ఒకామె కూర్చుంది. మా పిల్ల ధర అడిగింది, కాస్త తగ్గించమన్నది, ఆమె తగ్గించింది. “వద్దక్కా” అని ఈమె వెనక్కి తిరిగింది.

అప్పుడు చూశాను, ఆ గంపల్లోంచి ఒక్క కాయ కూడా కదల్లేదు. ఇంకా బోణీ కాలేదు. సూపర్ మార్కెట్లో కొనే మేడానికి బోణీ ఏం తెలుసు? జన్మలో మార్కెట్ మొహం చూడని మా పిల్లకేం తెలుసు?

“ఏందమ్మా గిది!” అని ఆమె లేచి నిలబడింది. “పొద్దుగాల బోణీ కాకముందే బేరం జేసి ఇడిసిపెట్టి పోతవా? నా దినమంత ఖరాబ్ చేస్తవా?”

మార్కెట్ మార్కెటంతా ఇటు తిరిగింది.  నేను కొంగు నడుముకు చుట్టి ముందుకు దూకబోయాను. మా పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది. “నువ్వాగు వదినా. ఇది నా పని.”

టమాటాలామె వైపు తిరిగి చెప్పింది: “బోణీ సంగతి నాకు తెల్వదక్కా. తప్పైంది.”

“తెల్వదా? ఏ ఊరు నీది?”

“ఎంకపల్లి.”

“ఎంకపల్లోళ్ళకు బోణీ తెల్వకుంట అయిందా! సరే, కిలోనన్న పట్టు.”

“నేను కొనెటందుకు రాలే అక్కా. అడిగెటందుకు వచ్చిన.”

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. టమాటాలామె నెత్తి కొట్టుకుంది. ఇంతలో ఎవరో వచ్చి టమాటాలు తూయించుకున్నారు. ఆమె తక్కెడ పట్టుకుని మమ్మల్ని మర్చేపోయింది. బస్టాండ్ బెంచీ మీద కూలబడి మా పిల్ల ఏడుస్తూ నవ్వింది. “నవ్విన్రు వదినా! నేనేమనుకున్ననో అదే అయింది. నిజంగనే నవ్విన్రు. అయినా ఏం కాలే!”

ఈ సంగతి మేము ఇల్లు చేరేలోపే ఊరు చేరింది. మా ఊరివాళ్ళు మార్కెట్లో ఉండనే ఉన్నారు. ‘కొననిదానికి బేరం చేస్తున్నదంట, పిల్లకు గాలి సోకింది’ అని తేల్చారు. పెద్దత్తమ్మ ఒక తాయత్తు పంపింది. మాట్లాడకపోతే పొగరు, మాట్లాడితే దయ్యం. ఆ తాయత్తును నేను గేదె మెడలో కట్టాను. దానికి ఎవరి దిష్టీ తగల్లేదు.

మా పిల్ల వాగుడుకాయ అయిందనుకునేరు, కాలేదు. భయం పోయిందా అంటే అదీ పోలేదు. మళ్ళీ గదిలోంచి కదలని వారాలూ ఉన్నాయి. కానీ ఆఫీసు మీటింగ్‌లో తను పట్టిన తప్పు తనే చెప్పింది, కెమెరా తెరిచి. ఆ రోజు ఇంటికి జిలేబీలు తెచ్చింది. కొట్టాయనతో బేరమాడి మరీ తెచ్చానని చెప్పింది.

ఇంకా పై మెట్టు దాకా రాకముందే కొండకల్ నుంచి ఫోన్ వచ్చింది. చిన్నమ్మ భర్త పొలంలో కూలబడి చనిపోయాడని. చిన్నమ్మ అంటే మా అత్తమ్మ చెల్లెలు. వేసవి సెలవులన్నీ మా పిల్ల ఆ ఇంట్లోనే గడిపింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, మాట్లాడు మాట్లాడు అని ఎన్నడూ పోరు పెట్టని మనిషి ఆమె ఒక్కతే. మా పిల్ల నోరు విప్పేది ఆమె దగ్గరే. ఈసారి మలుపు నుంచి తిరిగొస్తే ఆ ఒక్క మనిషి కూడా పోతుంది. అది మా అందరికీ తెలుసు.

అత్తమ్మ, మా ఆయన ఆ రాత్రే బయలుదేరి వెళ్ళారు. పొద్దున్నే మా పిల్ల మేడానికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. “అక్కడ మీరు ఏం చేయాలనుకుంటున్నారు?” అని అడిగింది మేడం.

“చిన్నమ్మ పక్కన కూసోవాలె.”

“అయితే కూర్చోండి.”

“ఏడుపు రాకపోతే? అందరు చూస్తరు మేడం.”

“చూస్తారు. మీరు వాళ్ళను చూడడానికి పోతున్నారా, చిన్నమ్మనా?”

స్కూటీ ఆమే నడిపింది, నేను వెనక కూర్చున్నాను. చిన్నమ్మ వీధి మొదట్లో శోకాలు వినిపించాయి. ఆమె బండి ఆపింది.  నోటి దాకా వచ్చిన మాటలన్నీ మింగి కూర్చున్నాను. చాలాసేపటికి, “గుండె కొట్టుకుంటున్నది వదినా. కొట్టుకోనీ” అని హెల్మెట్ తీసి బండి అద్దానికి తగిలించింది. నడిచింది. శోకం ఎత్తలేదు. గుమ్మంలోని ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని లోపలికి పోయి, గోడకు ఆనుకుని ఉన్న చిన్నమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

మగవాళ్ళు పాడె వెంట పోయారు, అత్తమ్మ పెరట్లో వాళ్ళ స్నానాలకు నీళ్ళు కాస్తోంది. పెద్దత్తమ్మ మాకంటే ముందే వచ్చి శోకం నడిపిస్తోంది. మధ్యలో ఆపి, ముక్కు తుడుచుకుని, అందరికీ వినబడేలా అన్నది:

“చూసిన్రా? ఒక్క శోకమన్న పెట్టలే, కండ్లల్ల నీళ్ళన్న రాలే. నా పెనిమిటి సస్తే మలుపు దాక వచ్చి మొహం తిప్పుకొని పాయె. గీమెకు మనుషులు కండ్లకానుతరా?”

నేను నోరు తెరిచాను. మా పిల్ల నా మోకాలు నొక్కింది.

“పెద్దమ్మా” అన్నది. గది నిండా ఉన్న ఆడవాళ్ళు ఆమెనే చూస్తున్నారు. “పెదబాపు పోయిన్నాడు నేను మీ మలుపు దాక వచ్చిన. మీ ఏడుపు ఇనంగనే నాకు కాళ్ళు ఆడలే. అందరు నన్నే చూస్తరని భయమై తిరిగిపోయిన. పొగరు కాదు పెద్దమ్మా. నాకు మనుషులంటే భయం. డాక్టరమ్మకు సూపిచ్చుకుంటున్న. పెదబాపు కోసం ఇంట్ల ఏడ్చిన.”

ఇంతకంటే ఏం చెప్పాలి ఒక మనిషి? రాయి కూడా కరుగుతుంది. పెద్దత్తమ్మ కరగలేదు.

“చావింట్ల భయమేందే? మనుషులంటే భయమైతే నౌకరెట్ల చేస్తున్నవ్? అన్ని సాకులు!”

అప్పుడు చిన్నమ్మ తలెత్తింది. పాడె లేచినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదట.

“అక్కా, నువ్వు జర బయటికి పో” అన్నది. “అందరు పోండ్రి. నా బిడ్డను నా కాడ ఉండనియ్యుండ్రి.”

 ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. పెద్దత్తమ్మ కొంగు దులుపుకుని అందరికంటే చివర బయటికి వచ్చింది. అందరు అన్నదంటే అందరమూ, కాబట్టి నేనూ లేచి వచ్చాను. ఎవరో తలుపు దగ్గరికి వేశారు. టెంటు కింద కుర్చీల్లో కూర్చున్నాం. కాసేపటికి లోపలి నుంచి చిన్నమ్మ ఏడుపు వినిపించింది, ఆ ఏడుపు సందుల్లోంచి మా ఆడబిడ్డ గొంతు. ఏం చెబుతోందో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆగకుండా చెబుతూనే ఉంది.